ఎడ్వర్డ్ బావ కాఫీ వైద్యం

మా బావ ఎడ్వర్డుకి తెలియని విషయం ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఈ మాట ఆయన్ని అడిగినా ఒప్పుకుంటాడు. ఎలమంచిలిలో మా అక్క మిరియంని పెళ్ళిచూపులు చూడడానికి వచ్చిన రోజునే, మా నాన్నకి కోళ్ళు ఎలా పెంచాలో నేర్పి వెళ్ళిన ఘనుడు. మా నాన్న బుద్ధెరిగినప్పటినుంచీ కోళ్ళు పెంచుతున్నాడు. బావ వాళ్ళింట్లో కోడి అన్నది కూరలో తప్ప కనపడలేదు. అయినా మా నాన్న నోరెత్తకుండా తలూపుతూ కూర్చున్నాడు. కుర్రాడికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం మరి. ఆ రోజుల్లో స్టీల్ ప్లాంటు ఉద్యోగి తుమ్మినా అందులో ఏదో జ్ఞానం ఉందనుకునేవారు.

చేసింది టైం ఆఫీసులో గుమాస్తా పని. ఎవరు ఎన్నింటికి గేటు దాటారో రాసుకోవడం. కొలిమి వేడి ఒంటికి తగిలిన మనిషి కాదు. కానీ రిటైరై కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాక, వీధి వరండాలో కూర్చుని ఉక్కంతా తానే వండి వార్చినట్టు చెబుతుంటే, నిజంగా కొలిమి దగ్గర ఒళ్ళు కాల్చుకున్నవాళ్ళు కూడా నోళ్ళు తెరుచుకుని వినేవారు. గొంతు అలాంటిది. ఆ గొంతు చూసే చర్చిలో సంఘ పెద్దని చేశారు. మన జనానికి గొంతు పెద్దదైతే చాలు, లోపల సరుకేముందో తట్టి చూడరు.

నేను జయమణిని, మిరియం చెల్లెలిని. గవర్నమెంటు హైస్కూల్లో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పి రిటైరయ్యాను. మా ఆయన పోయాక అక్కకి దగ్గరగా ఉందామని వాళ్ళ వెనక వీధిలోకే అద్దెకి వచ్చాను. అలా బావ చేసిన వైద్యాలన్నిటికీ నేను కళ్ళారా చూసిన సాక్షినైపోయాను. కొన్నాళ్ళు మెంతులు నడిచాయి. కొన్నాళ్ళు రాగిచెంబులో నీళ్ళు. కరోనా తర్వాత ఒక కషాయం కాయించేవాడు, దాని వాసనకి వీధి కుక్కలు కూడా ఆ గేటు ముందు పడుకోవడం మానేశాయి. ప్రతి వైద్యానికీ మొదటి రోగి అక్కే. ఆవిడ తాగి బతికి బట్టకడితే, అప్పుడు ఈయన తాగేవాడు.

కాఫీ అంటే మాత్రం ఒకప్పుడు ఆయనకి గిట్టేది కాదు. చర్చిలో యవ్వనస్తుల కూడికలో కాఫీ మీద అరగంట ప్రసంగం చేసిన మహానుభావుడు. "ఇవి సైతాను నీళ్ళు, ఈ రోజు కాఫీ, రేపు సారా" అని బల్ల గుద్దాడు. కూడిక అయ్యాక అందరికీ టీ ఇస్తే రెండు కప్పులు తాగి, చక్కెర తక్కువైందని వంక పెట్టాడు.

అలాంటి మనిషికి ఈ కాఫీ పిచ్చి ఎందుకు పట్టిందంటే, టైం ఆఫీసులో ఆయన పక్క కుర్చీ భీమశంకరరావు గారు. పాపం, ఆ పెద్దాయన ఒకరోజు పొద్దున నడకకి వెళ్ళి ఇంటి దారి మర్చిపోయారు. అగనంపూడి దగ్గర రోడ్డు పక్కన కూర్చుని ఉంటే ఎవరో గుర్తుపట్టి ఇంటికి చేర్చారు. బావ పలకరించడానికి వెళితే, పక్క కుర్చీలో అన్నేళ్ళు కూర్చున్న మనిషి ఈయన మొహం చూసి "తమరు ఏ షిఫ్టు?" అని అడిగారట. ఆ రోజు బావ భోజనం ముట్టలేదని అక్క చెప్పింది. భయపడ్డాడు. భయం తప్పు కాదు, ఈ వయసులో నాకూ ఉంది. కానీ భయం వేస్తే మామూలు మనిషి డాక్టరు దగ్గరికి వెళతాడు. మా బావ ఫోను తెరిచాడు.

ఫోనులో తెల్లకోటు వేసుకున్నాయన ఒకడు, రోజూ కాఫీ తాగేవాళ్ళకి ముసలితనంలో మతిమరుపు వచ్చే అవకాశం కొంచెం తక్కువ కావచ్చు అన్నాడు. ఆ 'కొంచెం', ఆ 'కావచ్చు' రెండింటినీ బావ దారిలోనే జారవిడిచేశాడు. కాఫీ తాగితే మతిమరుపు రాదు, అంతే. పింఛనుదార్లంతా కలిసి అరకు వెళితే, అక్కడినుంచి సంచీడు గింజలు తెచ్చాడు. వాటిని అక్క మిక్సీలో వేసి తిప్పాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు వాళ్ళింట్లో కొబ్బరి చట్నీ కాఫీ కంపు కొట్టింది.

"ఏటి బావా ఇది? సైతాను నీళ్ళన్నావు కదా దీన్ని?" అన్నాను.

"నీకేటి తెలుసు జయా. ఇది సైన్సు. రోజుకి మూడు గ్లాసులు పడితే మతిమరుపు మన గుమ్మం తొక్కదు."

"నువ్వు తాగు, ఎవులు వద్దన్నారు? అక్కకి కాఫీ గిట్టదు కదా, దానికి టీ అలవాటు."

"అలవాటు సేసుకుంతాది."

అక్క నా చెయ్యి నొక్కింది. "తాగేత్తాన్లేయే, ఎందుకొచ్చిన గొడవ" అంది. ఆవిడ కాపురమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

జన్మలో వంటింటి గడప తొక్కని మనిషి, రోజూ పొద్దున్నే ఫిల్టరు పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడడం మొదలుపెట్టాడు. అది కాస్తా చర్చి అంతా పాకింది. "మిరియం అక్కా, ఎంత పుణ్యం సేసుకున్నావమ్మా, పెద్దాయన సొయంగా కాఫీ కలిపి సేతికిత్తారట!" అని ఆడవాళ్ళంతా బుగ్గలు నొక్కుకున్నారు. ఆయన ఒలకబోసిన పాలు తుడిచేదెవరో, మాడిన గిన్నె తోమేదెవరో ఒక్కరూ అడగలేదు. మగాడు ఒక గ్లాసు కాఫీ కలిపితే ఊరంతా చప్పట్లు కొడుతుంది. ఛీ, ఏం చప్పట్లో!

అక్కకి చాలా ఏళ్ళుగా థైరాయిడ్ ఉంది. పొద్దున లేవగానే చిన్న మాత్ర ఒకటి మంచినీళ్ళతో వేసుకునేది, దాని పని అది చేసేది. కాఫీ రాజ్యం మొదలయ్యాక ఆ మాత్రల సీసా కూడా బావ తన చేతిలోకి తీసుకున్నాడు. "ఇది నాను సూసుకుంతాను, నువ్వు మర్సిపోతావు" అన్నాడు. అప్పటికి అక్క ఏదీ మర్చిపోలేదు.

కొన్ని నెలలు గడిచాక మర్చిపోవడం మొదలుపెట్టింది.

మొదట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. అది అందరికీ జరిగేదే అనుకున్నాను. తర్వాత పాలు పొయ్యి మీద పెట్టి వీధిలోకి వచ్చి నిలబడింది. నన్ను పట్టుకుని "మీ ఆయన డ్యూటీనుంచి వచ్చీసాడేటి?" అని అడిగింది. మా ఆయన సమాధి మీద పూలు పెట్టింది ఆవిడే. మే నెల ఎండలో, రోడ్డు మీద తారు కరుగుతుంటే, స్వెట్టరు వేసుకుని చలి చలి అనేది. గొంతు బొంగురుపోయింది. మా చర్చిలో పాట ఎత్తేది అక్కే, ఆవిడ ఎత్తితే తప్ప స్త్రీల సమాజంలో ఎవరికీ శ్రుతి కుదరదు. అలాంటిది ఒకరోజు పాట మొదలుపెట్టి, రెండో చరణం ఏదో తెలియక నిలబడిపోయింది. వెనకనుంచి ఎవరో అందుకున్నారు. అక్క కళ్ళు నేల మీదే ఉన్నాయి.

మొహం ఉబ్బింది, కళ్ళకింద సంచులు వేలాడాయి. అది చూసి బావ ఏమన్నాడో తెలుసా? "సూసావా జయా, మీ అక్క ఎంత నిగారించిందో! పాలూ కాఫీ ఒంటికి పట్టాయి" అన్నాడు. వాపుని చూసి బలుపనుకునేవాళ్ళుంటారని సామెతలో విన్నాను గానీ, మా ఇంట్లోనే ఉన్నాడని అప్పుడే తెలిసింది.

ఆవిడ ఎంత మర్చిపోతే ఈయన అంత కాఫీ పెంచాడు. మూడు గ్లాసులు నాలుగయ్యాయి, నాలుగు ఐదయ్యాయి. దానితోబాటు తాళాలు తన మొలతాడుకి కట్టుకున్నాడు. అక్కని పొయ్యి ముట్టుకోనివ్వడం మానేశాడు. అక్క చేతిలో ఉన్న స్త్రీల సమాజం పెద్దరికం ఇంకొకరికి అప్పగించమని పాస్టరు అయ్యగారితో చెప్పేశాడు. తగరపువలసలో ఉండే కూతురు అక్సా ఫోను చేస్తే, "మీ అమ్మకి వయసైంది, నాను వైద్యం సేత్తన్నాను, నువ్వు కంగారుపడకు" అన్నాడు. ఆ పిల్లకి నాన్న మాటంటే వేదవాక్కు, కంగారుపడలేదు. బతికున్న మనిషిని ఒక్కొక్క గదిలోంచీ బయటికి నెట్టేస్తున్నారు. నా ఒళ్ళు మండిపోయింది.

"బావా, దీన్ని డాక్టరుకి సూపించాలి. రేపే" అన్నాను.

"సూపిత్తే ఏటంతాడు? మతి పోయిందంతాడు, జబ్బుకో పేరు పెట్టీసి పంపుతాడు. ఎడ్వర్డు పెళ్ళానికి మతి పోయిందట అని రేపు సంఘమంతా సెప్పుకుంతాది. నా వైద్యం నడుత్తంది కదా, ఆగు."

"నీ వైద్యం నడిసీ నడిసీ దాన్ని ఇక్కడిదాకా తెచ్చింది. ఇంకెంతవరకు నడిపిత్తావు, శ్మశానందాకానా?"

అంతే, మైకు లేకపోయినా మైకు గొంతు వచ్చేసింది. "ఒలే జయమణీ! మాటలు మీరకు. సరే, ఒక పరీచ్చ పెడతాను. ఆదివారం సంఘంలో నిలబెడతాను. పొడుగు కీర్తన మొత్తం సూడకుండా ఒప్పజెప్పమంతాను. తప్పు లేకుండా సెప్తే డాక్టరు మాట మళ్ళీ ఎత్తకూడదు నువ్వు. తప్పితే నువ్వు సెప్పిన డాక్టరు దగ్గరికే తీసుకెల్తాను."

మా వాళ్ళ సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా చర్చిల్లో మనిషి బుర్ర బాగుందా లేదా అన్నది కంఠతా పట్టిన బైబిలు వాక్యంతో కొలుస్తారు. పిల్లవాడు వాక్యం అప్పజెబితే తెలివైనవాడు. ముసలమ్మ మంచంలో పడి కూడా కీర్తన తప్పులేకుండా చదివితే 'ఆవిడకేం, మతి వజ్రంలా ఉంది' అంటారు. ఆ ముసలమ్మ పక్కనున్న కొడుకుని 'ఎవులయ్యా నువ్వు' అని అడిగినా సరే, అది లెక్కలోకి రాదు. బైబిల్లో అన్నిటికన్నా పొడుగు కీర్తన, నూట డెబ్బై ఆరు వచనాలది, నోటికొస్తే ఇక తిరుగులేదు. అక్కకి అది పదేళ్ళప్పుడు వచ్చింది. మా నాన్న బెత్తం పట్టుకుని ఎదురుగా కూర్చుని నేర్పాడు. బెత్తం దెబ్బతో లోపలికి దిగింది మనిషి చచ్చేదాకా బయటికి పోదు, ఆ సంగతి నాకు తెలుసు. అందుకే ఆ పరీక్ష వద్దని మొత్తుకున్నాను. నా మాట ఎవడు విన్నాడు?

ఆదివారం ఆరాధన సగంలో బావ అక్కని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టాడు. సంతలో గేదెని నిలబెట్టినట్టే. అక్క కళ్ళు మూసుకుంది, మొదలుపెట్టింది. బొంగురు గొంతే, కానీ ఎక్కడా తడబడలేదు. బైబిళ్ళు తెరిచి వేలుతో గీతలు వెంబడిస్తూ చూశారు అందరూ. ఒక్క మాట దాటలేదు, ఒక్క మాట మారలేదు. అయిపోయేసరికి చర్చి దద్దరిల్లిపోయింది. బావ మైకు అందుకున్నాడు. "ప్రియులారా, నా భార్యకి మతి పోయిందని కొందరు ప్రచారం చేశారు. మీరే విన్నారు. దేవుని కృప, నా ప్రయాస, అరకు కాఫీ!" అన్నాడు. ఆ 'కొందరు' ఎవరో తెలియడానికి నా వైపు చూస్తూ అన్నాడు. చప్పట్లు ఆగలేదు. ఆ వారమే మా పేటలో సగం ఇళ్ళు కాఫీ ఫిల్టర్లు కొన్నాయి. గొర్రెల మంద అని ఊరికే అనలేదు.

అక్క వచ్చి నా పక్కన బెంచీలో కూర్చుంది. అయ్యగారు ప్రసంగం చేసి ముగించారు. అప్పుడు అక్క నా చెవి దగ్గరికి వంగి, "జయా, నన్నెప్పుడు పిలుత్తారే? కీర్తన సెప్పమన్నారు కదా" అంది.

ఆవిడ మొహంలో బడిపిల్ల భయం ఉంది, ఎక్కడ మర్చిపోతానో అని. "పిలుత్తార్లే అక్కా" అన్నాను. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, కోపమే ఎక్కువొచ్చింది.

మర్నాడు జాకెట్టు ముక్కలు కొందామని చెప్పి అక్కని ఆటో ఎక్కించాను. గాజువాకలో డాక్టర్ అనూరాధ గారి క్లినిక్కి తీసుకెళ్ళాను. పందెం ఓడిపోయాను కదా, మాట తప్పావంటే ఏం చెబుతానో ఆలోచించలేదు. అలాంటి పందేనికి మాట నిలబెట్టుకోవడం ఒక సిగ్గులేని పని. డాక్టరమ్మ అక్క మొహం చూసింది, మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొట్టి చూసింది, చర్మం నొక్కి చూసింది. నేను సంచీలో పెట్టుకొచ్చిన పాత చీటీలు చదివి, "థైరాయిడ్ మాత్ర ఎలా వేసుకుంటున్నారమ్మా?" అని అడిగింది.

అక్క నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. మాత్ర బావ చేతిలో ఉందన్నదే నాకు తెలుసు గానీ, ఎలా ఇస్తున్నాడో ఏనాడూ చూడలేదు. చేసేదేమీ లేక ఆయనకే ఫోను చేశాను. తిట్టుకుంటూ వస్తాడనుకున్నాను. డాక్టరు తనని పిలిచి సలహా అడుగుతోందనుకున్నాడేమో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో ఫ్లాస్కు పెట్టుకుని స్కూటరు దిగాడు.

"నా పద్దతి వేరు మేడం" అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. "మాత్రని సెంచాతో నలిపీసి మొదటి కాఫీలో కలిపేత్తాను. రెండు మందులూ ఒకేపాలి లోపలికెల్లిపోతాయి. ఎవులికీ తట్టని ఆలోచన."

"గ్లాసు మొత్తం తాగుతారా ఆవిడ?"

"సగం తాగుతాది, సగం పారబోసేత్తాది. అందుకే గ్లాసులు పెంచాను."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "చూడండి, ఈ మాత్ర ఖాళీ కడుపుతో నీళ్ళతోనే వేసుకోవాలి. కాఫీతో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టదు. వేసుకున్నాక కూడా గంటసేపు కాఫీ తాగకూడదు. పైగా సగం మాత్ర తూములోకి పోతోంది. మందు లేక ఆవిడ థైరాయిడ్ బాగా పడిపోయి ఉండాలి. అలా పడిపోతే మొహం ఉబ్బుతుంది, చలి వేస్తుంది, గొంతు మారుతుంది, మెదడు మందగిస్తుంది. మతిమరుపు వస్తుంది. పోయినసారి రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు?"

"కాఫీ ఇత్తన్నాం కదా అని మానీసాం" అన్నాడు బావ. అప్పటికి గొంతు కొంచెం తగ్గింది. కానీ మనిషి తగ్గలేదు. "మరి కాఫీ మెదడుకి మంచిదని పెద్ద పెద్ద డాక్టర్లే సెప్తన్నారు కదా మేడం?"

"కాఫీ తాగే అలవాటు ఉన్నవాళ్ళలో మతిమరుపు కొంచెం తక్కువగా కనపడిందని కొన్ని పరిశోధనలు ఉన్నాయండీ, అబద్ధం కాదు. అది కాఫీ వల్లేనా, వాళ్ళ మిగతా అలవాట్ల వల్లా అన్నది గట్టిగా తేలలేదు. మీరు తాగుతానంటే తాగండి. కానీ అది మందు కాదు. వచ్చిన జబ్బుని తగ్గించదు."

కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే. మతిమరుపు రాకుండా కాఫీ పోశాడు, ఆ కాఫీతోనే మతిమరుపు తెప్పించాడు, తెప్పించిన మతిమరుపు పోవాలని ఇంకా కాఫీ పోశాడు. పగవాడైనా ఇంత ఓపిగ్గా చెయ్యడు. "తిరిగొస్తుందా మేడం?" అని నేనే అడిగాను. అడగాల్సిన మనిషి ఫ్లాస్కు మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"రిపోర్టు రానివ్వండి. థైరాయిడ్ వల్లే అయితే చాలావరకు వస్తుంది. మొత్తం వస్తుందని ఇప్పుడే మాటివ్వలేను" అంది డాక్టరమ్మ.

లేచేముందు బావ ఫ్లాస్కు ముందుకు జరిపి, "కొంచెం రుసి సూడండి మేడం, అరకుది" అన్నాడు. ఆవిడ తర్వాతి పేషెంటుని పిలిచింది.

రక్తపరీక్షలో డాక్టరమ్మ అనుకున్నదే తేలింది. ఆ రోజునుంచీ మాత్రల సీసా నా బీరువాలో ఉంది. తెల్లారగానే గ్లాసుడు నీళ్ళతో వెళ్ళి, అక్క మింగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని. బావ వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. ఒక్కరోజు కూడా ఆ పేపరు దించి "ఎలాగుంది మీ అక్కకి?" అనలేదు. ఒకసారి మాత్రం, పేపరు వెనకనుంచే, "కాఫీతో ఏసుకోకూడదని ఆ సీసా మీద పెద్దచ్చరాలతో రాయాలి కదా, కంపినీ వాళ్ళది తప్పు" అన్నాడు. అలాంటి మాటకి జవాబు చెబితే మన నోరే పాడవుతుంది.

నెలలు పట్టింది. ముందు వాపు తీసింది. తర్వాత స్వెట్టరు పెట్టెలోకి వెళ్ళింది. ఒకరోజు చేపలమ్మే సీతాలు గంప దించి చేపలు చూపిస్తుంటే, అక్క ఒక చేప మొప్ప ఎత్తి చూసి, "ఒలే సీతాలూ, నిన్నటి సేప ఇయ్యాల అంటగడతన్నావేటే? నాను మతిలేనిదాన్ననుకున్నావా?" అని గదిమింది. సీతాలు దొరికిపోయినందుకు సిగ్గుపడాల్సింది పోయి, వీధిలో నిలబడి "ఓలమ్మో, అమ్మగోరికి మతొచ్చీసింది!" అని కేకేసింది. అక్క నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నేను గేటు పట్టుకుని ఏడ్చేశాను. చేప మాత్రం కొనలేదు, నిజంగా నిన్నటిదే.

కొన్ని చిల్లులు పూడలేదు. ఆ ఏడాదిలో జరిగినవి చాలా ఆవిడకి గుర్తులేవు. చర్చిలో తనని నిలబెట్టిన సంగతి నేను చెబితే తెల్లబోయింది. "అందరి ముందరా? నాతో ఒక్క మాటైనా సెప్పకుండానా?" అంది. అప్పటినుంచి బావ అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని ఆయన మొహమే చూసేది, ఏదో అంటాడేమో అని ఎదురుచూస్తున్నట్టు. ఈయన కూరలో ఉప్పు తక్కువైందనేవాడు.

"ఏటక్కా అలాగ సూత్తన్నావు?" అని అడిగాను ఒకరోజు.

"ఒక్క మాట కోసం సూత్తన్నానే" అంది. ఏ మాటో చెప్పలేదు, నేను అడగలేదు. నాకు తెలుసు.

వానలు వెనకబట్టాక చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టారు. ఎవరికి జరిగిన మేలు వాళ్ళు నిలబడి చెప్పాలి. సంఘ పెద్దే మొదట చెప్పాలి కదా, బావ లేచాడు. మైకు గొంతు తిరిగొచ్చింది. "ప్రియులారా, నా సహధర్మచారిణి గాఢాంధకారంలో ఉండెను. వైద్యులు చేతులెత్తేసిరి" అన్నాడు. ఏ వైద్యుడు చేతులెత్తేశాడో ఆ దేవుడికే తెలియాలి. "కానీ నేను విడువలేదు. ప్రార్థన విడువలేదు, కాఫీ విడువలేదు. ఈ రోజు ఆమె జ్ఞాపకశక్తి సంపూర్ణంగా తిరిగి వచ్చియున్నది!"

చప్పట్లు మొదలయ్యాయి. నేను లేవబోయాను. ఆ వెధవ మైకు లాక్కుని చెప్పేద్దామనే లేవబోయాను. అక్క నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి, తను లేచింది. మా చర్చిలో పెద్దలు సాక్ష్యం చెబుతుంటే ఆడవాళ్ళ వైపునుంచి ఎవరూ లేవరు. చప్పట్లు వాటంతట అవే ఆగిపోయాయి.

"అయ్యగారూ, ఒక్క మాట" అంది అక్క. పాట ఎత్తే గొంతు, మైకు అక్కర్లేదు. "మా ఆయన సాచ్చెంలో కొంత మర్సిపోయారు. నాను సెప్తాను. నా మతి కాఫీ వల్ల రాలేదు. థైరాయిడ్ మాత్ర కాఫీలో కలిపి ఇచ్చీవోరు, అది ఒంటికి పట్టక మతి పోయింది. మీ ఇళ్ళల్లో ఆడోళ్ళెవులైనా అలాగ ఏసుకుంతంటే మానీండి, నీళ్ళతో ఏసుకోండి. ఆయన తెలీక సేసారు. దానికి నాకు కోపం లేదు. డాక్టరమ్మ సెప్పి ఇన్ని నెలలైంది. ఇంట్లో ఒక్కపాలైనా 'తప్పైపోయింది మిరియం' అంతారేమోనని సూసాను. అనలేదు. పోనీ, దేవుడి ముందరైనా అంతారేమోనని ఇయ్యాల ఇక్కడ కూకున్నాను."

చెప్పి కూర్చుంది. పమిట సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బావ వైపే చూసింది.

అయ్యగారు బావ వైపు చూశారు. అక్సా వచ్చింది ఆ రోజు, ఆ పిల్ల కూడా వాళ్ళ నాన్న వైపే చూసింది. ఆయనకి అవకాశం లేదని ఎవరూ అనడానికి లేదు. రెండు మాటలు, చేతిలో మైకు, ఎదురుగా పెళ్ళాం. బావ నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"దేవునికి స్తోత్రం" అన్నాడు.

అలవాటు చొప్పున సంఘంలో సగంమంది "స్తోత్రం" అన్నారు. అక్క అనలేదు.